షూటింగ్ కోసం సీటీ స్కాన్ నమూనా కట్టడం ఎలా: కొలతల నుంచి చివరి షాట్ దాకా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు షార్ట్ ఫిల్ములూ వెబ్ సిరీసులూ తీస్తున్న జట్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఆసుపత్రి సీనుకి స్కానింగ్ గది కావాలి, నిజం గది ఎవరూ ఇవ్వడం లేదు, ఏం చెయ్యాలి? ఇవ్వకపోవడం న్యాయమే. నడుస్తున్న సీటీ గదిని ఒక పూట మన కోసం మూస్తే బయట స్ట్రెచర్ మీద ఎవరో ఆగిపోతారు. కాబట్టి నమూనా కట్టుకోవాల్సిందే.

కడితే సరిగ్గా కట్టాలి. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల నుంచి ఇంటి మనిషిని విశాఖ కేజీహెచ్‌కో బరంపురం ఎంకేసీజీకో తీసుకెళ్ళి, స్కానింగ్ గది తలుపు బయట కూర్చున్నవాళ్ళు మన ప్రేక్షకుల్లో చాలామందే ఉంటారు. ఆ తలుపు, ఆ బల్ల, టెక్నీషియన్ గొంతు వాళ్ళకి గుర్తుంటాయి. యంత్రం మీద మెరుపు తగ్గినా వాళ్ళు పట్టించుకోరు. మనుషులు చేసే పని తప్పితే మాత్రం వెంటనే పట్టేస్తారు. అందుకే మనిషి తాకే భాగాల మీదే ఎక్కువ శ్రమ పెట్టమంటాను: బల్ల, బటన్లు, తలుపు, తెర.

ఇక్కడ ప్రధానంగా సీటీ నమూనా గురించే చెప్తాను. కథల్లో ఎక్కువ వచ్చేది అదే, కట్టడం కష్టమైనదీ అదే. మిగతా యంత్రాల గురించి అవసరమైనంత వరకే.

## 1. ముందు ఏ యంత్రమో తేల్చుకోండి

స్క్రిప్టులో "స్కానింగ్" అని మాత్రమే ఉంటే అక్కడే ఆగండి. సీటీ వేరు, ఎమ్మారై వేరు. రెండూ కలిపేసిన సీను ఏ రంగు వేసినా నిలబడదు.

సీటీ గాంట్రీ, అంటే మధ్యలో రంధ్రం ఉన్న ప్రధాన భాగం, నిలబెట్టిన గారెలా ఉంటుంది. మధ్య రంధ్రం వ్యాసం 70 నుంచి 80 సెంటీమీటర్లు, లోతు సుమారు ఒక మీటరు. మనిషి లోపలికి వెళ్ళినా రెండు వైపులా ఒళ్ళు కనిపిస్తూనే ఉంటుంది. పని ఎక్స్‌రేలతో. స్కాన్ జరిగేటప్పుడు టెక్నీషియన్ సీసం అద్దం వెనక గదిలో ఉంటాడు. శబ్దం సన్నగా, ఒకే తీరుగా తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. స్కాన్ క్షణాల్లో అయిపోతుంది, బల్ల ఎక్కి దిగడంతో కలిపి కొన్ని నిమిషాలు పడుతుంది.

ఎమ్మారై పొడవాటి సొరంగం. రంధ్రం 60 లేదా 70 సెంటీమీటర్లు, పొడవు ఒకటిన్నర మీటరు దరిదాపు. ఎక్స్‌రేలు ఉండవు, అయస్కాంతం మాత్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. మోతగా కొట్టుకునే శబ్దం వస్తుంది కాబట్టి రోగి చెవులకి రక్షణ పెడతారు, పిలవడానికి చేతిలో రబ్బరు బుడ్డి ఇస్తారు. స్కాన్ చేసే భాగం మీద కాయిల్, అంటే సిగ్నల్ అందుకునే పరికరం అమరుస్తారు. తలకైతే అది పంజరంలా ఉంటుంది. పరీక్షకి సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది.

కథకి ఏది నప్పుతుందో ఇలా చూడండి:

- బైకు ప్రమాదం, తలకి దెబ్బ, పక్షవాతం అనుమానంతో అర్ధరాత్రి తెచ్చిన రోగి: ముందు సీటీ.
- మోకాలి లిగమెంటు, వెన్నులో డిస్కు, వెన్నుపాము: ఎమ్మారై.
- విరిగిన చెయ్యి, కాలు: మామూలు ఎక్స్‌రే. దీనికి పెద్ద యంత్రం కట్టనక్కర్లేదు.

మీ దగ్గర సీటీ నమూనా ఉండి స్క్రిప్టులో "ఎమ్మారై" అని ఉంటే డైలాగు మార్చండి. నమూనా మార్చడం కన్నా అది తేలిక. రచయితకి నచ్చజెప్పే పని మాత్రం షూటింగుకి ముందే చెయ్యండి.

## 2. షాట్ లిస్టు చేతికి వచ్చాకే టేపు పట్టండి

దర్శకుణ్ణి ఈ మూడు అడగండి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

1. రోగి పాత్ర లోపలికి వెళ్తున్నట్టు ఒకే షాట్‌లో కనబడాలా?
2. గాంట్రీ వెనక వైపు కెమెరాకి కనబడుతుందా?
3. టెక్నీషియన్ గది అద్దం లోంచి యంత్రం కనబడే షాట్ ఉందా?

మొదటి దానికి "వద్దు" అంటే పని సగానికి తగ్గుతుంది. బల్ల కదలదు, బరువు మోసే పట్టాలు అక్కర్లేదు. రోగి కళ్ళతో చూసే షాట్ ఒక్కటే కావాలంటే బల్లని అలాగే ఉంచి, చక్రాల మీదున్న గాంట్రీని కెమెరా మీదకి నెమ్మదిగా తొయ్యొచ్చు. వెనక గోడ కనబడకుండా బిగువుగా ఫ్రేము పెడితే బల్ల కదిలినట్టే ఉంటుంది.

వెనక కనబడకపోతే వెనక ప్యానెల్ కట్టొద్దు. ఆ డబ్బు బల్లకి పెట్టండి.

## 3. పాత యంత్రం తుక్కులో కొనొద్దు

"విశాఖలో పాత ఎక్స్‌రే యంత్రం తుక్కు కింద వస్తోంది, కొందామా?" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఎప్పుడూ వద్దనే.

ఎక్స్‌రే యంత్రం కరెంటు లేనప్పుడు కిరణాలు ఇవ్వదు, నిజమే. కానీ దాన్ని కొనడం, వాడడం, చివరికి తీసేయడం అన్నీ అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ నిబంధనల కింద నడవాలి. లోపల అధిక వోల్టేజి భాగాలు, నూనె, సీసం, గాలి తీసేసిన గాజు ట్యూబు ఉంటాయి. సెట్లో ఎవరో ప్లగ్ పెట్టి చూద్దామంటే ప్రాణం మీదకి వస్తుంది. తుక్కులో ఏది ఏ యంత్రం నుంచి వచ్చిందో మనకి తెలియదన్నది ఇంకో ప్రమాదం. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌కి కోబాల్ట్-60 ఉన్న పాత పరికరం చేరింది. దాన్ని విప్పినవాళ్ళు జబ్బు పడ్డారు, ఒకరు చనిపోయారు.

అల్ట్రాసౌండ్ యంత్రం సంగతి చట్టంలోనే ఉంది. లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం నమోదు లేనివాళ్ళకి ఆ యంత్రం అమ్మకూడదు. షూటింగ్ కోసమే అన్నా మీరు నమోదైనవాళ్ళు కారు. పాత కంప్యూటర్ మానిటరు, చక్రాల బండి, చుట్టిన వైరు చివర చెక్కతో చేసిన ప్రోబు (ఒంటి మీద ఆనించే పిడి) ఉంటే సరిపోతుంది. డాక్టరు నోట "అబ్బాయే" అనో "అమ్మాయే" అనో చెప్పించే డైలాగు ఉంటే తీసేయించండి. గోడ మీద లింగ నిర్ధారణ చెయ్యబోమన్న బోర్డు తప్పనిసరిగా పెట్టండి. నిజం స్కానింగ్ సెంటర్లో అది లేకుండా ఉండదు.

## 4. సామాను, మనుషులు

మన వైపు ఒక మేలుంది. దసరా పందిళ్ళు కట్టే మిస్త్రీలు వెదురు, ప్లైవుడ్, థర్మాకోల్‌తో గుండ్రాలు, గోపురాలు చెయ్యడంలో ఆరితేరినవాళ్ళు. సీటీ గాంట్రీ వాళ్ళకి కష్టమైన పని కాదు. బొమ్మ గీసి కొలతలు చేతికిస్తే చాలు. అయితే దసరాకి ముందు నెలల్లో వాళ్ళు దొరకరు. బరంపురంలో ఠాకురాణీ యాత్ర వచ్చే ఏడాది ఆ రోజుల్లో కూడా అంతే. షూటింగ్ తేదీ పెట్టేముందే వాళ్ళని అడగండి.

కావలసినవి:

- 8×4 అడుగుల పీవీసీ ఫోమ్ షీట్లు: 5 మి.మీ.వి ముందు ప్యానెల్‌కి, 3 మి.మీ.వి వంపులకి
- 12 మి.మీ. ప్లైవుడ్, లోపలి రింగులకి
- రెండంగుళాల, అంగుళం చెక్క రీపర్లు
- ఒక అంగుళం ఇనప చదరపు పైపు, కింది చట్రానికి
- 50×25 మి.మీ. ఇనప పైపులు రెండు, ఒక్కోటి మూడున్నర మీటర్లు, బల్ల పట్టాలకి
- బ్రేకు ఉన్న చక్రాలు, నైలాన్ రోలర్లు, నైలాన్ తాడు
- ఫెవికాల్, పీవీసీకి పనికొచ్చే జిగురు, పుట్టీ, ఉప్పు కాగితం
- 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, అడాప్టరు
- ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఎర్రటి పుట్టగొడుగు ఆకారపు ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు, కనీసం రెండు
- అగ్నిమాపక సిలిండరు. ఇది సెట్‌కి అలంకారం కాదు, నిజంగా పనిచేసేది ఉండాలి.

థర్మాకోల్ వాడితే ఒక జాగ్రత్త. థిన్నరు, స్ప్రే పెయింటు, ద్రావకం ఉన్న జిగురు తగిలితే అది కరిగిపోతుంది. దాని మీద ముందు ఫెవికాల్ కలిపిన కాగితం పొర, దాని మీద నీళ్ళలో కలిసే రంగు మాత్రమే. పైగా ఇట్టే అంటుకుంటుంది కాబట్టి వేడెక్కే షూటింగ్ లైట్లకి దూరంగా ఉంచండి. నేనైతే మూలలకి తప్ప థర్మాకోల్ వాడను.

## 5. గాంట్రీ కట్టే వరుస

నా కొలతలు: వెడల్పు 200 సెం.మీ., ఎత్తు 190, లోతు 90. రంధ్రం మధ్య బిందువు నేల నుంచి 100 సెం.మీ. ఎత్తులో. రంధ్రం సన్నగా ఉండే చోట వ్యాసం 75. దీనికి కారణముంది. 75 సెం.మీ. వృత్తం చుట్టుకొలత సుమారు 236. ఎనిమిది అడుగుల షీటు 244. అంటే లోపలి గొట్టం అతుకు లేకుండా ఒకే షీటులో వస్తుంది. 80 పెడితే చుట్టుకొలత 251 అవుతుంది, అతుకు వెయ్యాల్సి వస్తుంది.

మొదటి అడుగు: చట్రం. 190×80 సెం.మీ. కింది చట్రం వెల్డింగ్ చేయించండి. నాలుగు మూలలా బ్రేకు చక్రాలు. చట్రం లోపల ఇసక బస్తాలు పెట్టడానికి చోటు వదలండి. పైన బరువు, కింద తేలిక అయితే ఎవరో చెయ్యి వేసి నిలబడ్డప్పుడు పడిపోతుంది.

రెండో అడుగు: రింగులు. 12 మి.మీ. ప్లైవుడ్‌లో మూడు రింగులు కొయ్యండి. లోపలి వ్యాసం 75.6 సెం.మీ. ఆ 0.6 లోపల కూర్చునే 3 మి.మీ. షీటు మందం. 30 సెం.మీ. ఎడంతో మూడింటినీ రీపర్లతో కలిపి చట్రం మీద నిలబెట్టండి.

మూడో అడుగు: గొట్టం. 3 మి.మీ. షీటులో 60×236 సెం.మీ. ముక్క కోసి చుట్టి రింగుల లోపలికి దూర్చి వదిలెయ్యండి. అది తనంతట తానే విచ్చుకుని రింగులకి అతుక్కుంటుంది. కలిసే గీత కచ్చితంగా కిందికి రావాలి. అక్కడ బల్ల దాన్ని కప్పేస్తుంది. పైనో పక్కనో వస్తే ఎంత పుట్టీ పెట్టినా లైటు పడగానే గీత తేలుతుంది.

నాలుగో అడుగు: గరాటు. నిజం గాంట్రీ నోరు బయటికి విచ్చుకుని ఉంటుంది. ఈ వంపు లేకుండా తిన్నని రంధ్రం మాత్రమే పెట్టిన నమూనా చూడగానే అట్టపెట్టెలా తెలిసిపోతుంది. నోటి వ్యాసం 95, లోపల 75, లోతు 15 సెం.మీ. అనుకుంటే గరాటు పరిచిన ఆకారం ఇలా వస్తుంది: పెద్ద వ్యాసార్థం 85.6, చిన్న వ్యాసార్థం 67.6, మొత్తం కోణం 200 డిగ్రీలు. దీన్ని 100 డిగ్రీల ముక్కలు రెండుగా కొయ్యండి. ఒక్కో ముక్క సుమారు 131×42 సెం.మీ. చోటు తీసుకుంటుంది, కాబట్టి రెండూ ఒకే షీటులో వస్తాయి. ముందు పాత పేపర్లు అతికించి కాగితం ముక్క కొయ్యండి, రింగు దగ్గర పెట్టి చూడండి, సరిపోయాకే షీటు మీద కత్తి పెట్టండి. వెనక కూడా కనబడితే అక్కడా ఇలాగే ఇంకో గరాటు. అప్పుడే 15, 60, 15 కలిసి లోతు 90 అవుతుంది.

ఐదో అడుగు: ముందు ప్యానెల్. 100×190 సెం.మీ. చొప్పున రెండు సగాలు, 5 మి.మీ. షీటులో. మధ్యలో 95 వ్యాసం రంధ్రం వచ్చేలా ఒక్కో దానిలో అర్ధవృత్తం. వెనక రీపర్ల చట్రం. రెండు సగాల మధ్య గీతని దాచొద్దు. నిజం యంత్రాల కవర్లకీ అలాంటి గీతలు ఉంటాయి, సర్వీసు చేసేటప్పుడు తెరవాలి కదా. గీత తిన్నగా, ఒకే మందంలో ఉంటే చాలు. ఇలా రెండుగా కట్టడం రవాణాకీ మేలు: టాటా ఏస్ లాంటి చిన్న బండిలోనే ఎక్కించొచ్చు.

ఆరో అడుగు: అంచులు. పై మూలలకి 20 నుంచి 25 సెం.మీ. వ్యాసార్థంతో గుండ్రం ఇవ్వండి. పక్క కవరుని 3 మి.మీ. షీటుతో చుట్టండి. వంగనంటే హీట్ గన్‌తో నెమ్మదిగా వేడి చెయ్యండి. తలుపులు తెరిచి ఉంచండి. పీవీసీ మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. వాసన ఘాటుగా వస్తోందంటే వేడి ఎక్కువైందని అర్థం.

ఏడో అడుగు: చిన్న చిన్న వివరాలు. నోటికి రెండు వైపులా బటన్ల పలక, ఎమర్జెన్సీ స్టాప్. నోటి పైన చిన్న డిస్‌ప్లే. దీనికి పాత మొబైల్ ఫోను చాలు: ప్యానెల్‌కి చిన్న కిటికీ కోసి వెనక ఫోను అతికించండి, ముందు పొగరంగు యాక్రిలిక్ ముక్క పెట్టండి. నల్లటి నేపథ్యం మీద బల్ల స్థానం చూపే అంకెలు ఉన్న చిత్రం పెట్టి, వెలుగు తగ్గించి, విమానం మోడ్‌లో ఉంచండి. టేక్ మధ్యలో మెసేజ్ వస్తే మళ్ళీ మొదటికొస్తారు.

కంపెనీ లోగో విషయం. నిజం తయారీదారుల పేర్లు వెయ్యొద్దు. ఎక్కడా లేని పేరు ఒకటి కల్పించి చిన్న అక్షరాల్లో వెయ్యండి.

## 6. బల్ల: ఇక్కడ పొదుపు చెయ్యకండి

ప్రమాదం జరిగితే ఇక్కడే జరుగుతుంది. నిజం బల్ల ఒక వైపు ఆధారంతోనే గాల్లోకి సాగుతుంది. అది లోపల ఉక్కు, మోటార్లు, కార్బన్ ఫైబరు బలం. దాన్ని డ్రాయర్ ఛానెళ్ళతో అనుకరించబోవద్దు. మనిషి బరువు పడగానే ఛానెల్ వంగుతుంది.

మన పద్ధతిలో రెండు వైపులా ఆధారం ఉంటుంది. ముందు వైపు 70 సెం.మీ. ఎత్తున్న పెట్టె, గాంట్రీ వెనక అంతే ఎత్తున్న ఇనప స్టాండు. ఈ రెంటి మీదుగా, గాంట్రీ రంధ్రం లోంచి రెండు ఇనప పట్టాలు, మధ్య ఎడం 36 సెం.మీ. పట్టాల బరువు గొట్టం మీద అసలు పడకూడదు, తాకకూడదు కూడా. పట్టాల మీద నైలాన్ రోలర్లు. వాటి మీద 42 సెం.మీ. వెడల్పు, 2 మీటర్ల పొడవున్న పడక, మధ్యలో కొద్దిగా పల్లంగా. పడక పై భాగం నేల నుంచి సుమారు 85 సెం.మీ. ఉంటే రోగి ఛాతీ రంధ్రం మధ్యకి వస్తుంది.

లాగడానికి పడక రెండు చివర్లా నైలాన్ తాడు కట్టండి. వెనక ఒకరు, ముందు పెట్టె చాటున ఒకరు. లాగేవాళ్ళకి ఒకటే సూత్రం: వేగం మారకూడదు. మొదలవడం, ఆగడం కూడా మెత్తగా ఉండాలి. పట్టాల మీద కొవ్వొత్తి మైనం రుద్దితే కుదుపు పోతుంది. నూనె రాయొద్దు, బట్టలకి అంటుకుంటుంది.

ఒక చిక్కుంది. పడక పూర్తిగా బయట ఉంటే గొట్టంలో ఖాళీ పట్టాలు కనబడతాయి. అందుకని పడక తల వైపు ఒక అడుగు లోపల ఉండగానే షాట్ మొదలుపెట్టండి.

మనిషిని ఎక్కించే ముందు:

- 50 కిలోల సిమెంటు బస్తాలు మూడు పడక మీద వేసి అరగంట ఉంచారా?
- ఆ బరువుతోనే పూర్తిగా లోపలికి, బయటికి లాగి చూశారా?
- రెండు చివర్లా పడక జారిపోకుండా అడ్డు ఉందా?
- పడక అంచుల్లో వేళ్ళు నలిగే సందు లేదు కదా?
- చక్రాల బ్రేకులు, ఇసక బస్తాలు సరిచూశారా?
- లోపల ఉన్న నటుడు చెయ్యెత్తితే ఎవరు బయటికి లాగాలో పేరు పెట్టి చెప్పారా?

కోస్తా వైపు ఎండాకాలంలో పీవీసీ గొట్టం లోపల ఉడికిపోతుంది. టేకుల మధ్య వెనక నుంచి టేబుల్ ఫ్యాను తిప్పండి. ఇరుకు చోటంటే భయమున్న నటుడైతే ముందు రోజే ఒకసారి పడుకోబెట్టి చూడండి. షూటింగ్ రోజున తెలిస్తే అందరికీ టెన్షన్.

## 7. రంగు

తెల్లటి తెలుపు వెయ్యకండి. కెమెరాలో మాడిపోతుంది, వంపులన్నీ మాయమవుతాయి. కొద్దిగా బూడిద కలిపిన తెలుపు, సగం మెరుపు. గరాటు లోపల దానికన్నా ఒక ఛాయ ముదురు.

వానాకాలంలో గోపాలపూర్, బరంపురం వైపు గాలిలో తేమకి పుట్టీ ఆరదు, ప్లైవుడ్ అంచులు ఉబ్బుతాయి. కోసిన ప్రతి అంచుకీ ముందే ప్రైమరు పట్టించండి. రాత్రి పూట నేల మీద కాకుండా ఇటుకల మీద నిలబెట్టండి. పుట్టీ, ఉప్పు కాగితం, మళ్ళీ పుట్టీ, మళ్ళీ సన్న ఉప్పు కాగితం. ఒక లైటుని ప్యానెల్ పక్కగా పెట్టి చూస్తే ఎగుడుదిగుళ్ళు తెలుస్తాయి.

## 8. లైట్లు, తెర, ఫిల్మ్

మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే ట్యూబులైట్ల వణుకు కనబడదు. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి చవక డిమ్మరు పెడితే మళ్ళీ వణుకు వస్తుంది. వెలుగు తగ్గించాలంటే డిమ్మరు తీసేసి స్ట్రిప్పు మీద పల్చటి తెల్ల కాగితం అంటించండి.

రోగి ఒంటి మీద పడే ఎర్ర గీత కోసం లేజరు కొనొద్దు. కళ్ళకి ప్రమాదం, కెమెరా సెన్సారు కూడా పాడవుతుంది. నల్ల డబ్బాలో ఎర్ర ఎల్‌ఈడీ పెట్టి సన్నటి చీలిక కోస్తే దగ్గరి షాట్‌కి సరిపోతుంది. గీత పదునుగా కావాలంటే ఎడిటింగులో వేయించుకోండి.

కంట్రోల్ గది తెర మీద ఆడే వీడియో ముందే తయారుచేసుకోండి. తల నుంచి కిందికి పొర పొరగా కదిలే సీటీ చిత్రాలు, పక్కన కల్పిత పేరు, వయసు, తేదీ. చిత్రాల కోసం ది క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో పేర్లు తీసేసిన స్కాన్లు ఉంటాయి. ఉచితంగా దొరికే 3డీ స్లైసర్‌లో వాటిని తెరవొచ్చు. ప్రతి సేకరణకీ వాడుక షరతులు వేరుగా ఉంటాయి, చదివాకే తీసుకోండి. తెలిసినవాళ్ళ స్కాన్ సీడీ వాడబోతే జాగ్రత్త: చిత్రం మీద పేరు చెరిపినా ఫైలు లోపల పేరు, వయసు, ఆసుపత్రి వివరాలు ఉండిపోతాయి. ఆ మనిషి అనుమతి లేకుండా అసలు వాడొద్దు.

గోడ మీద ఎక్స్‌రే చూసే లైటు పెట్టె చెయ్యడం తేలిక. మూడు నాలుగంగుళాల లోతున్న పెట్టె, వెనక ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, ముందు పాలరంగు యాక్రిలిక్. లోతు తగ్గితే స్ట్రిప్పు చుక్కలు కనబడతాయి. ఛాతీ ఫిల్మ్‌కి 14×17 అంగుళాలు సరైన సైజు. ఫ్లెక్సులు వేసే షాపులో బ్యాక్‌లిట్ ఫిల్మ్ మీద ప్రింటు తీయించండి. నలుపు పల్చగా ఉంటే రెండు ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పెట్టండి. పెట్టేటప్పుడు గుండె మొన చూసేవాళ్ళ కుడి చేతి వైపుకి రావాలి. తిరగేసి పెట్టిన ఛాతీ ఎక్స్‌రే చూడగానే ప్రతి నర్సూ నవ్వుతుంది.

## 9. గది, తలుపు, బోర్డులు

సీటీ గది తలుపు మీద పసుపు రంగులో మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, తలుపు పైన ఎర్ర లైటు, గర్భిణులు ముందుగా చెప్పాలన్న నోటీసు పెట్టండి. ఎమ్మారై తలుపుకి రేడియేషన్ గుర్తు తప్పు. అక్కడ అయస్కాంత హెచ్చరిక, లోహం తేవద్దన్న బొమ్మలు ఉండాలి.

గోడ మీద, అంబులెన్సు మీద ఎర్ర ప్లస్ గుర్తు వెయ్యొద్దు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా రెడ్‌క్రాస్ గుర్తు వాడకూడదు. వేరే రంగులో, వేరే ఆకారంలో సొంత గుర్తు గీయించండి.

బోర్డుల భాష కథ జరిగే ఊరిని బట్టి. కథ పర్లాకిమిడిలో అయితే ఒడియా, ఇంగ్లీషు. పక్కనే పాతపట్నంలో అయితే తెలుగు, ఇంగ్లీషు. రెండు ఊళ్ళ మధ్య దూరం కొద్దిపాటిదే, అయినా బోర్డు తప్పితే మనవాళ్ళు గుర్తుపడతారు. ఒడియా అక్షరాలు ఒడియా చదివేవాళ్ళ చేత సరిచూపించాకే ప్రింటుకి ఇవ్వండి.

## 10. నటులకి నేర్పించాల్సిన పని

ఈ వరుస కాగితం మీద రాసి వాళ్ళకి ఇవ్వండి:

1. టెక్నీషియన్ పేరు అడుగుతాడు, కాగితంతో సరిచూస్తాడు. గొలుసు, చెవి దుద్దులు, హెయిర్ పిన్నులు తీయిస్తాడు.
2. స్త్రీ రోగి అయితే గర్భం గురించి అడుగుతారు.
3. పడుకోబెట్టడం. తల స్కాన్ అయితే చేతులు పక్కన. ఛాతీ, పొట్ట అయితే చేతులు తల పైకి.
4. గాంట్రీ పలక మీద బటన్లు నొక్కి బల్ల సరిచేస్తాడు. ఎర్ర గీత పడేటప్పుడు కళ్ళు మూసుకోమంటాడు.
5. "కదలకండి" అని చెప్పి బయటికి వెళ్తాడు, తలుపు మూస్తాడు.
6. ఛాతీ, పొట్ట స్కాన్ అయితే స్పీకరులో గొంతు: "ఊపిరి తీసుకోండి, బిగపట్టండి." కొద్ది సేపయ్యాక "వదలండి."
7. ముందు ఒక మామూలు చిత్రం కోసం బల్ల ఒకసారి కదులుతుంది, తర్వాత అసలు స్కాన్‌కి మళ్ళీ కదులుతుంది.

రేడియేషన్‌తో పనిచేసేవాళ్ళు ఛాతీ దగ్గర చిన్న టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే బిళ్ళ పెట్టుకుంటారు. ప్లాస్టిక్ ముక్కతో ఒకటి చేసి టెక్నీషియన్ పాత్రకి పెట్టండి.

## 11. తరచూ కనబడే తప్పులు, సరిచేసే దారి

స్కాన్ నడుస్తుండగా డాక్టరో హీరోనో రోగి చెయ్యి పట్టుకుని నిలబడటం. కథకి అది తప్పదంటే, తోడున్న మనిషికి సీసం ఏప్రాన్ తొడగండి. నల్ల రెక్సిన్‌తో, లోపల స్పాంజి పెట్టి కుట్టిస్తే బరువుగా కనబడుతుంది. డాక్టరు మాత్రం అద్దం వెనకే ఉండాలి.

ఎమ్మారై గదిలోకి స్టెతస్కోపు, ఇనప చక్రాల కుర్చీ, ఆక్సిజన్ సిలిండరు. తలుపు దగ్గరే ఆపించండి. "ఇది లోపలికి రాకూడదండీ" అనే ఒక్క మాట సీనుకి ఎంతో బలం ఇస్తుంది.

సీ-ఆర్మ్ తలకిందులు. ఆపరేషన్ సీనులో సీ-ఆర్మ్, అంటే ఇంగ్లీషు 'C' ఆకారపు చేయి ఉన్న ఎక్స్‌రే యంత్రం ఉంటే, మామూలుగా ఎక్స్‌రే ట్యూబు బల్ల కిందా, వెడల్పాటి రిసీవరు పైనా ఉంటాయి. చుట్టూ అందరికీ ఏప్రాన్లు.

గాంట్రీ బోలుగా శబ్దం చెయ్యడం. ఎవరైనా తట్టినప్పుడు అట్టలా మోగితే ప్యానెల్ వెనక పాత దుప్పట్లు అతికించండి.

సీటీకి ఎమ్మారై శబ్దం. డబ్బింగులో ఎక్కువగా జరిగేది ఇదే. సౌండ్ చేసేవాళ్ళకి యంత్రం పేరు రాసి పంపండి.

## 12. రవాణా, షూటింగ్ తర్వాత

ఇచ్ఛాపురం దగ్గర గానీ, పార్వతీపురం వైపు గానీ రాష్ట్రం దాటుతున్నారంటే కాగితాలు దగ్గరుంచుకోండి. ఆసుపత్రి యంత్రంలా కనబడేది బండిలో ఉంటే ఎవరైనా అడుగుతారు. నిర్మాణ సంస్థ లేఖ, సామాను జాబితా, కడుతున్నప్పటి ఫొటోలు చాలావరకు సరిపోతాయి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) సంగతి ముందే అకౌంటెంటుని అడగండి. ప్రతి ముక్క వెనకా "షూటింగ్ సామాను, పనిచేయదు" అని తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో రాయించండి.

విప్పేటప్పుడు ముక్కలకి కట్టిన వరుసలోనే నంబర్లు వెయ్యండి. స్క్రూలు ఏ ముక్కవి ఆ ముక్కకే సంచిలో కట్టండి.

ఈ నమూనా మళ్ళీ వాడకపోతే రింగులు, పట్టాలు, చక్రాలు వేరు చేసి ఉంచుకోండి. ముందు ప్యానెల్‌ని మాత్రం కోసి ముక్కలు చెయ్యండి. మొత్తం యంత్రంలా కనబడే దాన్ని తెలియనివాళ్ళకి ఇవ్వొద్దు, ఏ క్లినిక్ ముందు గదిలోనూ అలంకారానికి పెట్టనివ్వొద్దు. అక్కడికి వచ్చే రోగి దాన్ని నిజమనుకుంటాడు. నాటక బృందాలో కాలేజీ పిల్లలో అడిగితే ఇవ్వండి, ఇచ్చేటప్పుడు బల్లకి సిమెంటు బస్తాల పరీక్ష ఎలా చెయ్యాలో దగ్గరుండి చూపించండి.